గాలి లేని చోట తుపాకీ

మొన్న మధ్యాహ్నం బాన్సువాడలో, నా జీతం పడే బ్యాంకులో వరుసలో నిలబడి ఉండగా తుపాకీ నూనె వాసన ముక్కుకు తగిలింది. కుట్టు మిషను నూనెలో కొంచెం కిరోసిన్ కలిసినట్టుండే వాసన అది. కొత్తగా వచ్చిన కాపలాదారు తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, రెండు గొట్టాల తుపాకీని గుడ్డముక్కతో తుడుస్తున్నాడు. నా ముందున్న పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఒక అడుగు దగ్గరికి జరిగి నిండా పీల్చుకున్నాను. నాకు సైన్సు నేర్పిన వాసన అది అంటే మీరు నవ్వుతారు. నవ్వండి. బీయస్సీ, బీఎడ్ రెండూ ఫస్టు క్లాసులో పాసై, భౌతికశాస్త్రం టీచరుగా ఉద్యోగం తెచ్చుకుని, రెండేళ్లు పాఠాలు కూడా చెప్పేసిన తరువాత, పదో తరగతి రెండోసారికి గట్టెక్కిన ఒక బ్యాంకు కాపలాదారు దగ్గర నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పుడు సిగ్గేమీ లేదు. ఒకప్పుడు చాలా ఉండేది.

ఆయన పేరు సాయిలు. మా వైపు ప్రతి వాడకట్టుకూ ఒక సాయిలు ఉంటాడు కాబట్టి ఈయనను ఫౌజీ సాయిలు అనేవారు. జుక్కల్ దగ్గర ఒక పల్లె. సైన్యంలో తుపాకులు బాగుచేసే పనిలో చాలా ఏళ్లు ఉండి, పింఛనుతో తిరిగి వచ్చి, బాన్సువాడ బ్యాంకులో కాపలా ఉద్యోగంలో చేరాడు. నేను కోటగిరి నుంచి వచ్చి కిరాయికి దిగిన ఇంట్లో ముందు రెండు గదులు ఆయనవీ ఆయన భార్య గంగవ్వవీ, వెనక గది నాది. ఆయనకు కుడిచెవి సరిగా వినబడేది కాదు. తుపాకులు పరీక్షించీ పరీక్షించీ అలా అయిందట. అందుకని ఎవరు మాట్లాడబోయినా చేత్తో పట్టుకుని ఎడమవైపుకు తెచ్చి నిలబెట్టుకునేవాడు. మొదటిరోజు నన్ను కూడా అలాగే జబ్బ పట్టి ఇటునుంచి అటు మార్చాడు. ఎవరీ మనిషి, ఇంత చనువేమిటి అని నాకు చిర్రెత్తింది. "ఫికర్ చెయ్యకు చెల్లె, గా చెవిల మాట పడితే బయటకు రాదు" అన్నాడు. నవ్వకుండా ఉండటం నా వల్ల కాలేదు.

బ్యాంకులో ఇద్దరు కాపలాదార్లు. అన్నం వేళకు డ్యూటీ మారేవారు. ఒకరోజు నేను అక్కడ ఉండగానే మారారు. రెండోవాడు తుపాకీని నడుమ కీలు దగ్గర విరిచి, రెండు గొట్టాల్లోకీ చూసి, ఖాళీ అని చెప్పి సాయిలన్నకు అందించాడు. సాయిలన్న అందుకుని, గొట్టాలను నేల వైపు తిప్పి, తనూ లోపలికి చూశాడు. అంతటితో ఆగక చిటికెనవేలు పెట్టి తడిమాడు కూడా. ఎదుటి మనిషి చూసి అర నిమిషం కాలేదు. నాకు వింతగా అనిపించి, ఎడమవైపు నిలబడి అడిగాను. "ఆయన ఇప్పుడే చూశాడు కదన్నా? మళ్లీ చూస్తే ఆయన మీద నమ్మకం లేనట్టు కాదా?" సాయిలన్న నవ్వాడు. "నమ్మకం లేకపోవుడు ఏంది చెల్లె. ఇచ్చినోడు చూసి ఇయ్యాలె, తీసుకున్నోడు చూసి తీసుకోవాలె. మా కాడ గది రివాజు. జనరల్ సాబు ఇచ్చినా సూసుడే. సూస్తే కోపానికొచ్చేటోడు తుపాకి పట్టొద్దు." ఆ రెండో కాపలాదారు ఇదంతా వింటూ, టిఫిన్ డబ్బా మూత తీసుకుంటూ, మొహంలో ఏ మార్పూ లేకుండా కూర్చున్నాడు. అతనికి అది గాలి పీల్చినంత మామూలు విషయం. నేను అది విని, బాగుందనుకుని, పాస్‌బుక్కు తీసుకుని ఇంటికి పోయాను. విన్నదంతా మనకు సంబంధించిందని ఎవరనుకుంటారు!

ఆ సంవత్సరమే మా బడిలో సైన్సు క్విజ్ పెట్టాం. ఇద్దరిద్దరి జట్లు. గెలిచిన జట్టును జిల్లా పోటీకి పంపాలి. ప్రశ్నలు తయారుచేసిందీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే. పుస్తకం బట్టీ పట్టినవాళ్లకు దొరకని ప్రశ్న ఒకటైనా ఉండాలని తెగ ఆలోచించి, ఆఖరి ప్రశ్నగా ఇది పెట్టాను: అంతరిక్షంలో, గాలి అనేదే లేని చోట, తుపాకీ పేలుతుందా? నా దగ్గరున్న జవాబు, పేలదు. మంటకు ఆక్సిజన్ కావాలి, అక్కడ ఆక్సిజన్ లేదు, కాబట్టి పేలదు. ఆ ప్రశ్న మీద నాకు ఎంత మురిపెమంటే, ముందురోజు స్టాఫు రూములో ఇద్దరు టీచర్లకు వేసి, వాళ్లు తలలు గోక్కుంటుంటే చూసి ఆనందించాను. ఆ ఆఖరి ప్రశ్న వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. వంతు మంజులది. పెద్ద కొడప్‌గల్ వైపు తండా నుంచి బస్సులో వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల. ఇంట్లో వాళ్ల భాష, బడిలో తెలుగు. రెండింటిలోనూ తక్కువగానే మాట్లాడేది. లేచి నిలబడి "పేలుతది టీచర్" అంది.

తప్పు అని నేను రెండో జట్టు వైపు తిరిగాను. ఆ పిల్ల కూర్చోలేదు. "టీచర్, మా బాపు బావులు తవ్వుతడు. బండకు తూటు కొట్టి, మందు కూరి, మీదికెళ్లి మట్టి దంపి దంపి మూస్తరు. ఇంత గాలి కూడ పోదు. అయినా పేలుతది" అంది. బావి వేరు, అంతరిక్షం వేరు, కూర్చో అన్నాను. "మరి మీరు బావిల దిగి సూసిన్రా టీచర్?" అని అడిగింది. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం హాలంతా గొల్లున నవ్వింది, నాకు ఒళ్లంతా మంటెత్తింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సామెత ఉంది కదా, ఆ మూడు కాళ్ల కుందేలును గట్టిగా పట్టుకుని "అంతరిక్షానికి నువ్వు పోయి చూశావా?" అని గద్దించాను. ఆ ప్రశ్న నాకే తగులుతుందన్న ధ్యాస కూడా లేదు. రెండో జట్టు నా జవాబు చెప్పి గెలిచింది. హెడ్మాస్టరు గారు మంజులను పిలిచి, టీచరుకు క్షమాపణ చెప్పమన్నారు. ఆమె తల వంచుకుని నిలబడింది కానీ నోరు విప్పలేదు. "చెప్పేదాకా బడికి రావద్దు" అన్నారాయన, పిల్లలను దారిలో పెట్టడానికి పెద్దలు అనే మాటల్లో ఒకటిగా. మంజుల మర్నాటి నుంచి నిజంగానే రాలేదు.

వారం గడిచింది. ఈలోగా జిల్లా పోటీ కూడా అయిపోయింది. మా జట్టు పోయి వచ్చింది. హాజరు పిలుస్తున్నప్పుడు మంజుల పేరు దగ్గర రోజూ ఒక క్షణం ఆగి, తర్వాతి పేరుకు పోయేదాన్ని. ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుని గంగవ్వతో కలిసి చిక్కుడుకాయలు తుంచుతూ, ఆ పిల్ల పొగరు గురించి సాయిలన్నకు చెప్పాను. తుపాకుల మనిషి కదా, నా వైపే మాట్లాడతాడని గట్టి నమ్మకం. ఆయన అంతా విన్నాడు. "చెల్లె, తుపాకి పేలదని నీకెవలు చెప్పిన్రు?" అన్నాడు. పుస్తకంలో ఉందన్నాను. "తుపాకి పేలదని ఉందా పుస్తకంల?" లేదు, మంటకు ఆక్సిజన్ కావాలని ఉంది, అంతరిక్షంలో ఆక్సిజన్ లేదు, ఇక పేలేదెక్కడ అన్నాను. "గది నువ్వు జోడించుకున్న మాట. పుస్తకం చెప్పిన మాట కాదు" అని లేచి లోపలికి పోయి, గూట్లోంచి ఒక ఇత్తడి గొట్టం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏనాడో పేలిపోయిన తూటా ఖాళీ డొల్ల. సైన్యం నుంచి గుర్తుగా తెచ్చుకున్నది.

"దీంట్ల మందు పోసి, గుండు బిగించి, అతుకు కాడ లక్కసొంటిది పూస్తరు. వానల తడిసినా, వాగుల పడ్డా పేలాలె గదా. నీళ్లే పోని కాడికి గాలి ఎట్ల పోతది? లోపటికి గాలి పోకుంటనే పేలుతది ఇది, ఈడ కూడ." నేను డొల్లను వేళ్లతో తిప్పుతూ ఉండిపోయాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు. మంచుకొండల మీద ఆయన ఉన్న ఒక శిబిరంలో గాలి ఎంత పలచనంటే స్టవ్వు అంటుకోవడానికి పది అగ్గిపుల్లలు పట్టేదట, అంటుకున్నా మినుకుమినుకుమంటూ మండేదట, నాలుగడుగులు వేస్తే మనిషికి ఆయాసమట. తుపాకీకి మాత్రం ఏ ఆయాసమూ లేదు, కింద పేలినట్టే పైనా పేలింది. అంతరిక్షంలో పేలితే ఏమవుతుందో కూడా ఆయన తన పనివాడి బుర్రతో ఆలోచించి పెట్టుకున్నాడు. "సప్పుడు వినబడది. గుండు అటు పోతది, నువ్వు ఇటు పోతవు, కాలు ఆనెటందుకు నేల లేదు గదా. గొట్టం కాలితే జల్ది సల్లారది, గాలి తాకాలె గదా సల్లారాలంటే. నూనె ఆరిపోతది. నూనె లేకుంటే ఇనుము ఇనుమును పట్టేస్తది. గందుకని నాలుగు పేల్చినంక మొరాయిస్తది కావొచ్చు." అంటే పేలుతుందా అన్నా, ఖాయంగా చెప్పు అన్నాను. "గాలి తక్కువున్న కాడికి పోయిన. గాలి లేని కాడికి నేను పోలే. పేలుతదనే అనుకుంటున్న. అనుకునుడు వేరు, సూసుడు వేరు" అన్నాడు.

నా గదికి పోయి ఫోన్‌లో వెతికాను. పేలుతుందనే ఉంది. తూటాలోని మందు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తనలోనే పెట్టుకుని ఉంటుంది. దానికి బయటి గాలితో పని లేదు. అది చదువుతుంటే తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు! పాతకాలపు తుపాకీ మందులో కలిపే సూరేకారంలో ఆక్సిజన్ ఉంటుందనీ, వేడి చేస్తే బయటికి వస్తుందనీ నేనే బోర్డు మీద సమీకరణం రాసి చెప్పాను. మంటకు గాలి కావాలన్న పాఠమూ నేనే చెప్పాను. రెండు పాఠాలకూ మధ్య నాలుగు వారాల దూరం. ఆ నాలుగు వారాల దూరాన్ని దాటి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకు తోచలేదు. బావి గట్టున నిలబడ్డ తొమ్మిదో తరగతి పిల్లకు తోచింది. బయటికి వచ్చి సాయిలన్నతో నువ్వు చెప్పిందే నిజం, ఫోన్‌లో ఉంది అన్నాను. "ఫోన్ కూడ ఇచ్చినోడే. తీసుకునేదానివి నువ్వు" అన్నాడాయన.

అప్పుడు అర్థమైంది, ఈయన బ్యాంకులో చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నాడని. అయినా నా బుద్ధి తప్పించుకునే దారే వెతికింది. మా బడి ప్రయోగశాలలో పాత గంట జాడీ ఉంది. గంటను లోపల పెట్టి, చేతి పంపుతో గాలి లాగేస్తే చప్పుడు ఆగిపోతుందని చూపించే గాజు జాడీ. అందులో, తూటా మందు జాతిదే అయిన అగ్గిపుల్ల తల మీద ప్రయోగం చేసి చూస్తాను, తప్పు నాదని తేలితే అప్పుడు పిల్ల దగ్గరికి పోతాను అన్నాను. "తేలినంక పోతవా?" అన్నాడు. "పేలుడు, పేలకపోవుడు తర్వాత సంగతి చెల్లె. పిల్ల సూడమన్నది. నువ్వు సూడలే. తప్పు గాడ అయ్యింది. ఇయ్యాలనే పోదాం పా." గంగవ్వ చిక్కుడుకాయల చాట పక్కకు పెట్టి "నేను గూడ వస్త, బస్సు పది గంటలకున్నది" అంది. నన్ను ఎవరూ ఒప్పించలేదు. బయల్దేరదీశారు, అంతే.

పెద్ద కొడప్‌గల్ దగ్గర బస్సు దిగి తండాకు నడవాలి. రెండు వైపులా పత్తి. గంగవ్వ ముందు నడుస్తోంది. నేను అలవాటుగా ఆయన ఎడమవైపు. ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టాడు. సైన్యంలో ఉండగా ఒక పడుచు సిపాయి తన రైఫిలు తెచ్చి బాగుచేయమని ఇచ్చాడు. ఖాళీ సార్ అన్నాడు. సాయిలన్న ఆ రోజు తొందరలో ఉన్నాడు. తీసి చూడకుండానే బల్ల మీద పెట్టి పనిలోకి దిగాడు. లోపల ఒక తూటా ఉండిపోయింది. అది పేలి పైకప్పు రేకులోంచి దూసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణలో మాత్రం ఖాళీ చేయకుండా ఇచ్చిన నేరం సిపాయిదని తేల్చారు. "ఆడు చూడలే, నిజమే. నేను గూడ చూడలే. గా రెండో మాట నేను చెప్పలే. ఒక్క మాట చెల్లె. నోరు లేవలే. ఆనికి శిక్ష పడ్డది. తర్వాత నౌకరి ఇడిసిపెట్టి పోయిండు. ఏ ఊరోడో తెలుసు, కానీ పోయేటందుకు మొఖం లేకపాయె." పత్తి చేల వైపు చూస్తూ, ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్న మాటలను వరుస తప్పకుండా చెప్పాడు. నాకు ఆ క్షణంలో ఆయన మీద జాలి కలిగింది. అంతకంటే ఎక్కువగా, నాకింకా మొఖం ఉందన్న ధైర్యం కలిగింది.

మంజుల ఇంటి ముందు పత్తి కుప్ప దగ్గర కూర్చుని పత్తిలోని ఎండాకులు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి లోపలికి పోయింది. వాళ్ల నాన్న శంకర్ మంచం వాల్చాడు. "మీకు ఎదురు మాట్లాడిందట గదా మేడమ్. నేనే మస్తు తిట్టిన. ఇగ బడి వద్దు, పత్తికి పో అన్న" అన్నాడు, నన్ను సంతోషపెట్టే మాట అనుకుని. తప్పు మీ పిల్లది కాదు, నాది అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. తలుపు వెనక నిలబడ్డ పిల్లకు అర్థమైంది. "ఇప్పుడు చెప్తే ఏమొస్తది టీచర్? ఆళ్లు పోటీకి పోయొచ్చిన్రు గదా" అంది లోపల్నుంచే. నేను సాయిలన్న వైపు చూశాను, ఏదైనా అంటాడేమోనని. ఆయన పత్తి కుప్ప వైపు చూస్తున్నాడు. నా బరువు నేనే మోయాలి కదా. "ఏమీ రాదు. ఆ పోటీని నేను నీకు తిరిగి తెచ్చివ్వలేను" అన్నాను. అంతకు మించి నిజమైన మాట నా దగ్గర లేదు.

సాయిలన్న మెల్లగా శంకర్‌ను బావుల పని గురించి అడిగాడు. ఇద్దరూ మందుతో పని చేసినవాళ్లే కాబట్టి నిమిషంలో కలిసిపోయారు. మట్టి ఎంత గట్టిగా దంపితే బండ అంత బాగా లేస్తుందనీ, దంపడం వదులైతే మందంతా తూటులోంచి పైకి తన్నేసి వృథా అవుతుందనీ శంకర్ చెబుతున్నాడు. నేను మంచం మీంచి దిగి కింద కూర్చున్నాను. తడి ఉంటే ఎలా, గాలి సందు ఉంటే ఎలా, తూటు లోతు తక్కువైతే ఎలా అని వరసబెట్టి అడిగాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ లెక్చరూ వినలేదు. ఒకచోట శంకర్ ఏదో పొరపాటుగా చెబితే, "గట్ల కాదు బాపూ, మొన్న నర్సింలు సేటు బావిల మల్ల తడి మట్టి పెట్టిన్రు గదా" అని మంజుల తలుపులోకి వచ్చి దిద్దింది. అలా దిద్దుతూ దిద్దుతూ గడప దాటి వచ్చి కూర్చుంది. గాజు జాడీ గురించి చెప్పాను. నేనింకా చేసి చూడలేదనీ, నువ్వు వస్తేనే చేస్తాననీ చెప్పాను. "అందరి ముందర చేస్తరా?" అని అడిగింది. అందరి ముందరే అన్నాను. "హెడ్మాస్టర్ సారు ముందర?" ఆయన ముందర కూడా అన్నాను. "పేలకపోతే?" నేను నోరు తెరవకముందే సాయిలన్న అందుకున్నాడు: "పేలకపోతే నువ్వు ఒప్పుకోవాలె బిడ్డా. పేలితే టీచరమ్మ ఒప్పుకోవాలె." మంజుల ఆయన వైపు ఒకసారి చూసి, సరే అంది.

హెడ్మాస్టరు గారు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. టీచరు పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే రేపటినుంచి నెత్తికెక్కి కూర్చుంటారమ్మా అన్నారు. ఎక్కితే దించుకుంటాను సార్ అన్నాను. ఎవరో వెనక నిలబడి నా చేత అనిపించినట్టుంది ఆ మాట. సోమవారం ప్రార్థన అయ్యాక వరండాలో బల్ల వేసి జాడీ పెట్టాను. మూడువందల మంది పిల్లలు ఎండలో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. జాడీ లోపల సన్నటి తీగ, ఆ తీగకు ఆనించిన అగ్గిపుల్ల. బయట బ్యాటరీలు. ఆ రోజు మంజుల చూడమంది, నేను చూడకుండానే తప్పన్నాను, ఇప్పుడు అందరం కలిసి చూద్దాం అని చెప్పి పంపు కొట్టడం మొదలుపెట్టాను. చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టి, ఇక గాలి పోయింది, తీగ వేడిచేస్తున్నాను అన్నాను. "ఆగున్రి టీచర్" అంది మంజుల. "గాలి పోయిందని ఎట్ల తెలుసు?"

మూడువందల మంది నా మొహం వైపే చూశారు. నిజం చెబుతున్నాను, నాకు కోపం వచ్చింది. ఈ పిల్ల కోసమే కదా ఇంత దూరం పోయింది, ఈ పిల్ల మాట నిలబెట్టడానికే కదా ఇదంతా, ఇంకా నన్నే అనుమానిస్తుందా అనిపించింది. చెంపలు వేడెక్కాయి. అయినా నా చెయ్యి పంపు వదిలేసి జాడీ మూత మీదికి పోయింది. గాలి లోపలికి వదిలి, మూత తీసి, ప్రయోగశాల నుంచి కరెంటు గంట తెప్పించి, అగ్గిపుల్ల పక్కన పెట్టి, మళ్లీ మూసి, ఈసారి పంపు మంజుల చేతికిచ్చాను. గంట ఖణఖణ మోగుతోంది. ఆమె పంపు కొడుతోంది. చప్పుడు సన్నబడుతూ వచ్చింది. పిల్లలు ఒకరినొకరు ఉష్ ఉష్ అనుకుంటూ ముందుకు వంగారు. మా బడిలో అంత నిశ్శబ్దం నేను అంతకు ముందు ఎరగను. గంట కొట్టుకుంటూనే ఉందని కళ్లకు కనిపిస్తోంది, చెవికి మాత్రం ఎక్కడో పక్క ఊళ్లో మోగుతున్నంత చిన్నగా వినిపిస్తోంది. "మొత్తం పోలేదు. మన పంపు పాతది. మిగిలింది కొంచెమే" అని నేనే చెప్పాను. ఆమె తల ఊపి, తనే తీగకు కరెంటు కలిపింది. తీగ ఎర్రబడింది. అగ్గిపుల్ల తల భగ్గుమని వెలిగి, తెల్లగా పొగ కక్కి, ఆరిపోయింది. పుల్లకు మంట అంటుకోలేదు. తల అంటి ఉన్న చోట కొంచెం నల్లబడింది, అంతే. తలలోని మందు తన గాలి తానే తెచ్చుకుంది, పుల్లకు ఆ భాగ్యం లేదు. హెడ్మాస్టరు గారు ముందుకు వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, ఇంకొక పుల్లతో ఇంకోసారి చేయించారు. ఆయన కూడా చూసే తీసుకున్నారన్నమాట. మంజుల చెప్పింది ఒప్పు, నేను చెప్పింది తప్పు, క్షమాపణ చెప్పవలసింది నేను, చెబుతున్నాను అన్నాను. ఆ నాలుగు మాటలూ అనుకున్నంత బరువుగా లేవు. ఎవరూ నెత్తికెక్కలేదు. రెండో పీరియడ్‌కు మంజుల తన పాత చోటులో కూర్చుని నోట్సు రాసుకుంటూ కనిపించింది.

సాయంత్రం అరుగు మీద ఆయన ఎడమవైపు కూర్చుని జరిగిందంతా చెప్పాను. పేలిందా అని ఆయన అడగలేదు. "పిల్ల ఏమన్న అడిగిందా?" అన్నాడు. గాలి పోయిందని ఎట్ల తెలుసు అని అడిగింది అన్నాను. ఆయన తొడ మీద చరుచుకుని, గంగవ్వ బయటికి వచ్చి చూసేంత గట్టిగా నవ్వాడు. "కోపం అచ్చిందా నీకు?" వచ్చింది అన్నాను. "అబద్ధం చెప్పలే, మంచిగున్నది. మరి ఏం జేసినవ్?" మూత తీసి గంట పెట్టాను అన్నాను. "గంతే చెల్లె. కోపం అస్తే రానీ. చెయ్యి మాత్రం ఆగొద్దు" అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లకు ఆయన బ్యాంకు పని మానుకుని గంగవ్వతో సొంతూరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆ సిపాయి ఊరికి ఒకసారి పోయి వచ్చాడని గంగవ్వ చెప్పింది. మనిషి కలిశాడా, ఏమన్నాడు అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. పోయినేడు వానాకాలంలో ఆయన పోయాడు. మంజుల డిగ్రీ అయిపోయి ఒక ఆఫీసులో పనిచేస్తోంది. ఫోన్ చేసినప్పుడు, టీచర్, మీరు చెప్పింది నాకు నమ్మబుద్ధి అయితలేదు, అని మొదలుపెట్టే అలవాటు ఆమెకు పోలేదు.

నాకు ఇప్పుడు సీనియర్ టీచరన్న పేరుంది. కొత్తగా వచ్చినవాళ్లు నా దగ్గర కూర్చుని నేర్చుకుంటారు. నేను పెద్ద మనసున్నదాన్ననీ, పిల్లలు ఎదురడిగితే ఏమీ అనుకోననీ వాళ్లలో వాళ్లు చెప్పుకుంటారు. అది అబద్ధం. అనుకుంటాను. వెనక బెంచీలోంచి ఎవరైనా లేచి "టీచర్, గది తప్పేమో" అంటే ఇన్నేళ్ల తర్వాత కూడా చెంపలు అలాగే వేడెక్కుతాయి. అవి చల్లబడేదాకా మాత్రం ఆగను. ఈలోపే సుద్దముక్క ఆ పిల్ల చేతికి ఇచ్చేసి, బోర్డుకు ఎడంగా జరిగి నిలబడతాను.